బావ కోసం కొన్న చవక రీలు

ఉసూర్‌లో మాది కిరాణా దుకాణం. తెలుగు సరిహద్దు దాటాక అడవుల్లో ఉంటుంది మా ఊరు. నాన్న పెట్టాడు, ఇప్పుడు నేను కూర్చుంటున్నాను. చవక సరుకు అమ్మి బతికేవాణ్ణి గనుక చవక అంటే ఏమిటో నాకు బాగా తెలుసనుకునేవాణ్ణి. సబ్బు చవకదైతే తొందరగా అరుగుతుంది. చెప్పులు చవకవైతే వానాకాలం సగంలో విడిపోతాయి. టార్చిలైటు చవకదైతే కొన్న రోజే దాని సంగతి తేలిపోతుంది. వీటన్నిటికీ జవాబు నేనే చెప్పుకోవాలి, ఎందుకంటే కొన్నవాళ్లు వచ్చే సంతకు మళ్లీ నా ముందే నిలబడతారు. అలాంటి నేను, సముద్రం మొహం చూడని ఊళ్లో కూర్చుని, సముద్రపు అలల్లో దిగి చేపలు పట్టే గాలం కొన్నాను. అదీ చవకగా.

నా సరదా కోసం కాదు. అక్క ఫోన్ చేసింది కాబట్టి కొన్నాను.

అక్క భర్త, మా బావ, కిరండూల్ ఇనుప గనిలో ముప్పై ఏళ్లు ఫిట్టర్‌గా పనిచేశాడు. ఆ రోజుల్లో ఆయన కంచం ముందు కూర్చోగానే కబురొచ్చేది. ఫలానా బెల్టు ఆగిపోయింది, ఫలానా పంపు పట్టేసింది. బావ తిట్టుకుంటూ లేచేవాడు. చేయి కడుక్కుంటూ తిట్టేవాడు, చొక్కా వేసుకుంటూ తిట్టేవాడు, గుమ్మం దాటాక కూడా ఆ తిట్లు వినపడేవి. ఆ మనిషి అంత సంతోషంగా ఉన్నాడని అప్పుడు మాలో ఎవరికీ తట్టలేదు.

గనిలో పనిచేసే ఆంధ్ర వాళ్లు కొందరు కలిసి భీమిలి దగ్గర ఇళ్ల స్థలాలు కొన్నారు. బావది చర్ల దగ్గరి పల్లె. సముద్రంతో ఆయనకు ఏ సంబంధమూ లేదు, అయినా నలుగురితో పాటు తన పేరూ ఇచ్చాడు. రిటైరయ్యాక అక్కడే ఇల్లు కట్టుకుని వెళ్లిపోయారు. ఇల్లు కొత్తది. కుళాయిలు, ఫ్యాన్లు, నీళ్ల మోటారు, అన్నీ కొత్తవి. ఏదీ చెడిపోవడం లేదని అక్క మొదట్లో గొప్పగా చెప్పేది.

ఆరు నెలల తర్వాత చేసిన ఫోన్‌లో ఆ గొప్ప లేదు.

"మీ బావ మాట్లాడుతలేడు తమ్ముడూ" అంది. "పొద్దుగాల లేస్తడు, వరండల కుర్చేసుకొని కూసుంటడు. తింటవా అంటే తింట అంటడు. పంటవా అంటే పంట అంటడు. డాక్టరు అన్ని పరీక్షలు జేసి ఏం లేదన్నడు. ఏం లేకపోతే మనిషి గిట్లెందుకైతడు?"

"సముద్రం కాడికి పోతలేడా అక్కా?"

"ఒక్కపారి పోయిండు. నిలబడి చూసిండు. ఇవి మన నీళ్లు గావన్నడు. వచ్చిండు." ఆ వెంటనే, "బరువు తగ్గుతుండు. నాకు భయమైతుంది. నువ్వొచ్చి ఏదన్న జెయ్యి" అంది.

నాకూ భయం వేసింది. బావంటే నాకు మా నాన్నకంటే ఎక్కువ ఇష్టం. ఈ మాట ఇన్నాళ్లూ బయటికి అనలేదు, ఎందుకంటే నాన్న దుకాణంలో నా పక్కనే కూర్చునేవాడు.

మా తాలిపేరు ఏట్లో గాలం వేయడం నాకు నేర్పింది బావే. సెలవుల్లో కిరండూల్ నుంచి వచ్చేవాడు, వచ్చిన గంటకే ఏటికి బయలుదేరేవాడు. ఆయనకు రెండు పట్టింపులుండేవి. ఒకటి, గాలానికి వానపామును గుచ్చేవాడు కాదు. తెల్లకోడి ఈకను కొక్కేనికి దారంతో బిగించి, నీళ్ల మీద అటూ ఇటూ ఆడించేవాడు. పరిగెలు దాన్ని పురుగనుకుని ఎగిరి పట్టుకునేవి. రెండోది, ఇంటికి బయలుదేరే ముందు కర్ర, దారం, బుట్ట, కాళ్లు, చేతులు అన్నీ ఏ నీళ్లలో చేపలు పట్టామో ఆ నీళ్లలోనే కడగాలి. ఇంటి దగ్గర బోరింగు కింద కడుగుతానంటే ఒప్పుకునేవాడు కాదు. ఏటిది ఏటికే వదిలేసి రావాలట. ఇంటికి మోసుకుపోతే మర్నాడు చేప చేతికి రాదట. మా వైపు వల వేసేవాళ్లూ, వెదురు మావులు పెట్టి చేపలు పట్టేవాళ్లూ అందరూ ఇలాగే చేస్తారు. ఇరవై ఏళ్లుగా నేనూ ఇలాగే చేస్తున్నాను. ఇది కాస్త గుర్తుంచుకోండి. ఆ తర్వాతి నష్టమంతా దీనివల్లే జరిగింది.

మా ఊళ్లో నీళ్ల ట్యాంకు పక్కన నిలబడితే ఫోన్‌కు సిగ్నల్ అందుతుంది. సముద్రం ఒడ్డున చేపలు ఎలా పడతారో చూద్దామని అక్కడ నిలబడి ఒక వీడియో పెట్టాను. అది ఆగుతూ ఆగుతూ వచ్చింది. ఒక తెల్లాయన మోకాలి లోతు అలల్లో నిలబడి, సన్నటి పొడుగాటి కర్రతో పచ్చ తాడును తల మీదుగా ముందుకూ వెనక్కూ విసురుతున్నాడు. తాడు కొసన ఎర లేదు. ఈకలు కట్టిన కొక్కెం ఉంది.

అది మా బావ ఈకే. ఆయన తాలిపేరులో ఆడించినదాన్నే ఈయన సముద్రంలో ఆడిస్తున్నాడు. దాని పేరు ఫ్లై ఫిషింగ్ అట. ఈకకు బరువుండదు గనుక తాడునే బరువుగా తయారుచేస్తారు. ఆ తాడు బరువే ఈకను దూరం మోసుకుపోతుంది. బావను ఆ కుర్చీలోంచి లేపగలిగేది ప్రపంచంలో ఏదైనా ఉంటే ఇదేనని ఆ ట్యాంకు పక్కన నిర్ణయించేశాను.

ఎంచుకోవడం మాత్రం నిర్ణయించుకున్నంత తేలిక కాలేదు. రాడ్‌లకు నంబర్లుంటాయి. నంబరు పెరిగేకొద్దీ బలం. ఐదో నంబరు చవక, కానీ అది వాగులకు. అలలకు, సముద్రపు గాలికి ఎనిమిది కావాలని చేపలు పట్టేవాళ్లు చెప్పారు. పది కావాలని రాడ్లు అమ్మేవాళ్లు చెప్పారు. నేనూ అమ్మేవాణ్ణే గనుక ఎనిమిది దగ్గర ఆగాను. తొమ్మిదడుగుల కార్బన్ రాడ్, నాలుగు ముక్కలుగా విడిపోయి గొట్టంలో పడుతుంది. పేరున్న కంపెనీది కాదు. అది ఒక్కటే నేను సరిగ్గా కొన్న వస్తువు.

డబ్బు మిగిల్చి తాడు మీద పెట్టమని చూసిన ప్రతి వీడియోలోనూ చెప్పారు. నేను తాడు మీదే మిగిల్చాను. వేడి దేశాల సముద్రాలకు వేరే తాడు ఉంటుందట, ఎండకు మెత్తబడదట. దాని పక్కనే చల్లటి దేశాలకు చేసిన తాడు సగం ధరకు కనిపించింది. తాడు తాడే కదా అనుకున్నాను. నా దుకాణానికి వచ్చే జనం కూడా ఇలాగే అనుకుంటారు, వాళ్లను చూసి నేను లోపల్లోపల నవ్వుకునేవాణ్ణి.

ఇక రీలు. లోపలికి ఉప్పునీళ్లు చొరబడకుండా సీలు వేసిన రీళ్లున్నాయి. ధర చూసి ఫోన్ జేబులో పెట్టుకుని దుకాణానికి వచ్చేశాను. మర్నాడు మళ్లీ వెళ్లి చదివితే, రీలంటే తాడు చుట్టి పెట్టుకునే డబ్బా మాత్రమే, చిన్న చేపలకు దానితో పనేమీ ఉండదు అని ఒకాయన రాశాడు. ఆయనెవరో తెలియదు, కానీ ఆయన మాట నా జేబుకు నచ్చింది. చవకది కొన్నాను. ఉప్పునీటికి పనికొస్తుందని డబ్బా మీద రాసి ఉంది. నా దుకాణంలో ఉప్పు బస్తాల పక్కన వేలాడే తక్కెడ గొలుసు రెండేళ్లకోసారి తుప్పు పట్టి తెగుతుంది. నేను ఆ తక్కెడ కిందే కూర్చుని ఆ డబ్బా మీది రాతను నమ్మాను.

ఈకలు మాత్రం కొనలేదు. మా సంతలో మధ్యాహ్నం దాటాక కోడిపందేలు జరుగుతాయి. ఓడిన కోడి గెలిచినవాడి కూరలోకి పోతుంది, ఈకలు ఎవరికీ పట్టవు. ఫ్లైలు, అంటే ఈకల కొక్కేలు, కట్టడానికి పుంజు మెడ ఈకలకు మించినవి లేవని తెల్లాయనలు వాటిని చిన్న కవర్లలో పెట్టి పెద్ద ధరకు అమ్ముతుంటే, మా దగ్గర అవి దుమ్ములో దొర్లుతున్నాయి. ఒక ఎర్రటి డేగ పుంజును చంకలో పెట్టుకున్న పెద్దాయన్ను అడిగాను.

"ఈకలేం జేస్తవ్ సేఠ్?"

"చేపలకు."

"చేపలు కోళ్లను తింటయా?"

"సముద్రంల తింటయట."

ఆయన తన పుంజును అవతలి చంకలోకి మార్చుకున్నాడు. "ఇది గెలిచిన కోడి. దీన్ని ముట్టుకోకు. చచ్చినదాన్ని పీక్కో" అని రెండో పుంజును చూపించాడు. అదీ డేగే. ఎర్రటి మెడ ఈకలు గుప్పెడు తెచ్చుకున్నాను. విదేశీ ఫ్లైలలో జింక తోక వెంట్రుకలు కూడా కలుపుతారు. మా దగ్గర జింక తోక అని పైకి అంటే ఫారెస్టు వాళ్లు వస్తారు, అందుకని మేక తోకతో సరిపెట్టాను.

విసిరిన తాడును లాగేటప్పుడు అది అలల్లో చిక్కుపడకుండా నడుముకు ఒక తొట్టి కట్టుకోవాలట. ప్లాస్టిక్ తొట్టికి వాళ్లు అడిగిన ధరకు మా దగ్గర మంచం వస్తుంది. సంతలో వెదురు బుట్టలు అల్లి అమ్మే ఆమె దగ్గరికి వెళ్లి, లోతు తక్కువగా, నడుముకు ఆనే వైపు వంపుతో ఒక బుట్ట కావాలన్నాను.

"ఎవరికి కడ్తవ్, దూడ మూతికా?"

"నాకే."

ఆమె నా నడుమును వెదురు బద్దతో కొలిచి, ఇంకేమీ అడగకుండా అల్లిచ్చింది.

కోతలైపోయిన మడిలో తాడు విసరడం ప్రాక్టీసు చేశాను. పనికి పోయే కూలీలు గట్టు మీద ఆగి చూసేవాళ్లు. ఒకాయన రెండు రోజులు చూసి మూడో రోజు దగ్గరికి వచ్చి, "సేఠ్, మడిల నీళ్లు లేవు" అన్నాడు. తెలుసన్నాను. తెలిసి కూడా చేస్తున్నానని తెలిశాక ఆయన మళ్లీ ఆగలేదు.

కాస్త చేయి తిరిగాక నిజం నీళ్లలో చూసుకుందామని తర్రెం వైపు, ఏటికి బయలుదేరాను. రెండున్నర అడుగుల నల్ల గొట్టం భుజానికి వేసుకుని మా రోడ్డు మీద పోవడం తెలివైన పని కాదు. పోలీసు బలగాల క్యాంపు దగ్గర జవాను బండి ఆపాడు.

"ఇస్ మే క్యా హై?"

"మఛ్లీ కా సామాన్."

"ఖోలో."

తెరిచాను. రాడ్ ముక్కలు, రీలు, డేగ ఈకలు, మేక తోక వెంట్రుకలు వరసగా బయటపడ్డాయి. ఆయన ఒక్కోదాన్నీ చూసి, చివరి రెండింటి దగ్గర ఆగి, లోపలికి కేకేశాడు. వయసులో పెద్దవాడు ఇంకొకాయన వచ్చాడు. ఆయనది కేరళ సముద్రం ఒడ్డు. రీలు తీసి, చెవి దగ్గర పెట్టుకుని తిప్పి, ఇది ఎక్కడ వాడటానికని అడిగాడు. సముద్రానికన్నాను. ఆయన నన్ను, వెనకాల అడవిని, మళ్లీ నన్ను చూశాడు.

"రోజ్ ధోనా" అన్నాడు రీలు చేతికిస్తూ. "హర్ రోజ్. భూల్నా మత్."

రోజూ కడుగుతానని, కడగకుండా ఇంటికి తెచ్చే అలవాటు మా వంశంలోనే లేదని హామీ ఇచ్చాను. సముద్రం ఒడ్డున పుట్టిన మనిషికి ఏ నీళ్లతో కడగాలో చెప్పాల్సిన అవసరం తోచి ఉండదు. ఏటి ఒడ్డున పెరిగిన నాకు ఏ నీళ్లతో అని అడగాలని తోచలేదు. ఇద్దరం చాలా మర్యాదగా విడిపోయాం.

దుకాణం మా ఆవిడకు అప్పజెప్పి, దంతెవాడలో రైలెక్కి, పగలంతా సొరంగాలు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటే సాయంత్రానికి విశాఖ వచ్చింది. అక్కడినుంచి భీమిలికి బస్సు. బావ వరండాలో కుర్చీలోనే ఉన్నాడు. చొక్కా భుజాల దగ్గర వేలాడుతోంది.

"వచ్చినవా" అన్నాడు.

"వచ్చిన బావా."

"మంచిది."

గొట్టం విప్పి అన్నీ ఆయన ముందు పరిచాను. రాడ్‌ను చూశాడు, రీలును చూశాడు. నేను కట్టిన ఎర్ర ఫ్లై ఒకటి తీసి వేళ్ల మధ్య తిప్పాడు.

"డేగనా?"

"డేగే."

పక్కన పెట్టి మళ్లీ రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాడు. ఈ నెలలో అదే పెద్ద సంభాషణ అని అక్క వంటింట్లో చెప్పింది.

పొద్దున్నే పోదాం రమ్మంటే, నువ్వు పోయిరా అన్నాడు. ఒక్కణ్ణే వెళ్లాను. సముద్రాన్ని అంతకుముందు ఒక్కసారే చూశాను, అదీ బస్సులోంచి. దిగి నిలబడితే అది వేరే సంగతి. ఏరు ఒకవైపుకు పోతుంది, ఎదురు నిలబడాలో వాలుగా నిలబడాలో తెలుస్తుంది. ఇది వస్తుంది, మళ్లీ పోతుంది, పోతూ పోతూ కాళ్ల కింది ఇసుక కూడా పట్టుకుపోతుంది. నడుముకు బుట్ట కట్టుకుని సర్దుకుంటుంటే చేపల గంపతో పోతున్న ఒకామె ఆగింది.

"ఏటమ్ముతున్నావు బాబూ?"

"ఏం లేదమ్మా."

"మరి బుట్టెందుకు?"

"తాడు పెట్టుకోడానికి."

ఆమె బుట్టలోకి తొంగి చూసి, "తాడెంతకిత్తావు?" అంది.

ఎండెక్కేసరికి ఆ తాడు ఎవరూ కొనని స్థితికి వచ్చింది. చల్లటి దేశాల తాడు మా ఎండకు ఉడికిన సేమ్యా లాగా మెత్తబడి, విసిరితే ముందుకు పోకుండా నా భుజాల మీదే వాలింది. ఎదురుగాలి కొక్కేన్ని తెచ్చి నా టోపీకి గుచ్చింది. రెండో రోజు టోపీ తీసేశాను, అది చెవికి గుచ్చుకుంది. మూడు రోజులు ఇలా గడిచాయి. చేప లేదు. కానీ మూడు రోజులూ వచ్చే ముందు రీలును విప్పి, లోపలా బయటా, సందుసందునా, సముద్రపు నీళ్లతో శుభ్రంగా కడిగాను. జవాను చెప్పినట్టు రోజూ కడిగాను, బావ నేర్పినట్టు ఆ నీళ్లలోనే కడిగాను. జీవితంలో ఏ వస్తువునూ నేను అంత శ్రద్ధగా చూసుకోలేదు.

ప్రతి రోజూ వచ్చి జరిగింది చెప్పేవాణ్ణి. బావ ఊ అనేవాడు. చెవికి గుచ్చుకున్న సంగతి చెప్పినప్పుడు కూడా ఊ అన్నాడు. అక్క తలుపు దగ్గర నిలబడి ఆయన మొహం చూసేది, తర్వాత నా మొహం చూసేది. ఐదో రోజు పొద్దున నాకు రైలు.

"నువ్వు పోయినంక నేనొక్కదాన్నే ఆ కుర్చీకి కావలుండాలె" అంది అన్నం పెడుతూ. పెట్టిందంతా తలొంచుకుని తిన్నాను.

నాలుగో రోజు పొద్దున్నే వరండా మెట్ల మీద కూర్చుని రీలు తిప్పబోతే అది తిరగలేదు. బలంగా తిప్పాను. పిండిమరలో రాయి పడ్డట్టు గరగరమంది. ఇంకోసారి తిప్పాను.

"బేరింగు" అన్నాడు బావ.

రోడ్డు వైపే చూస్తున్నాడు. నేను ఆగిపోయాను. "ఏంది బావా?"

"బేరింగు పోయింది. ఇంకా తిప్పకు, షాఫ్టు గూడ పోతది. ఇటు దే."

ఇచ్చాను. చెవి దగ్గర పెట్టుకుని వెంట్రుకవాసి తిప్పి, అడ్డంగా తల ఊపాడు. అక్కను పిలిచి సామాన్ల డబ్బా తెమ్మన్నాడు. కిరండూల్ నుంచి లారీలో వచ్చినప్పటి తాడు కట్టు దానికి అలాగే ఉంది. అక్క అది విప్పకుండా కత్తిపీట మీద కోసేసింది. బావ పేపరు పరిచి, సన్న స్క్రూడ్రైవర్ అడిగి, ఇచ్చింది కాదని, ఇంకా సన్నది అడిగి, రీలును ముక్కలు ముక్కలుగా విప్పి వరసలో పేర్చాడు. లోపల సగం తెల్లగా, సగం ఎర్రగా ఉంది. తెల్లదాన్ని వేలితో తీసి నాలుక మీద పెట్టుకున్నాడు.

"ఏ నీళ్లల్ల కడిగినవ్?"

"ఆ నీళ్లల్లనే."

"ఏ నీళ్లల్ల?"

"సముద్రంల. నువ్వే చెప్తివి గద బావా, ఏడ పడితే ఆడనే కడగాలెనని."

బావ పేపరు మీది ముక్కలను చూసి, నన్ను చూశాడు. తర్వాత ఆయన భుజాలు కదలడం మొదలుపెట్టాయి. ముందు దగ్గనుకున్నాను. నవ్వు. చేతిలోని స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి, కళ్లు తుడుచుకుని, మళ్లీ నవ్వాడు. అక్క గరిటెతో వచ్చి తలుపు దగ్గర నిలబడిపోయింది. గరిటెలోంచి పప్పు నేల మీద కారుతోంది, ఆమె చూసుకోలేదు.

"నేను చెప్పింది తాలిపేరు సంగతిరా" అన్నాడు. "ఉప్పు సంగతి గాదు. ఉప్పమ్మేటోనివి గాదు నువ్వు? నీ తక్కెడ గొలుసు ఎన్నిమాట్ల మార్చిన నేను?"

నాలుగుసార్లు మార్చాడు. నాకు గుర్తుంది. ఆ నిమిషంలో ఇంకో నాలుగు రీళ్లు నాశనం చేయడానికి కూడా నేను సిద్ధంగా ఉన్నాను.

ఆ తర్వాత ఆయన తిట్లు మొదలయ్యాయి. ఎవడు చేశాడు దీన్ని అన్నాడు. సముద్రంలో దించే వస్తువుకు ఇనుప స్క్రూ పెట్టినవాడికి పెళ్లాం బిడ్డలున్నారా అన్నాడు. కిరోసిన్‌లో ముంచి పాత టూత్ బ్రష్‌తో తోముతూ తిట్టాడు. చొక్కా వేసుకుని నన్ను వెంటబెట్టుకుని బజారుకు నడుస్తూ తిట్టాడు. మూడు షాపులు తిరిగి, మోటార్లు బాగుచేసే చోట ఆ సైజు బేరింగు పట్టుకుని, దాన్నీ చెవి దగ్గర తిప్పి చూసుకుని, ఇది నయం అన్నాడు. మధ్యాహ్నానికి రీలు కొన్ననాటికంటే మెత్తగా తిరిగింది. ఇక అన్నం తిని పడుకుంటాడేమో అనుకున్నాను.

"పద" అన్నాడు. "టెస్టింగ్ చెయ్యకుండ మిషన్ అప్పజెప్పుతరా?"

బుట్ట తనే కట్టుకున్నాడు. ఒడ్డున నిలబడి, అలలను కాసేపు అలాగే చూశాడు, పట్టేసిన పంపును చూసినట్టు. మెత్తబడిన తాడును అంత దూరం విసరాలని చూడకు, అది పోదు అన్నాడు. ముందు సగం మాత్రమే బయటికి తీసి, గాలికి పక్కగా తిరిగి, తాలిపేరులో ఈకను వదిలినట్టు మణికట్టుతో వదిలాడు. అది అల వెనకాల ఒడ్డుకు దగ్గరగా పడింది. నేను మూడు రోజులూ దాన్ని దాటించి లోపలికి విసరాలని చచ్చాను. చేపలు ఇంత దగ్గర ఉంటాయని ఎవరికి తెలుసు?

పదో పన్నెండో విసురుకు రాడ్ వంగింది. ఒక పార చేప పిల్ల, అరచేతికంటే కొంచెం పెద్దది. వెండిలా తళతళ మెరుస్తూ డేగ ఈకను మూతికి పెట్టుకుని వచ్చింది. బావ దాన్ని పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. వదిలేశాడు. ఇంకోటి పట్టాడు, దాన్ని బుట్టలో వేశాడు.

బయలుదేరే ముందు ఇద్దరం అలవాటు కొద్దీ సామాన్లతో సహా నీళ్లలోకి వంగాం. ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు. "ఇంటికి పోయి కడుగుదాం" అన్నాడు.

ఉసూర్ వచ్చేశాక మనసు ఊరుకోలేదు. బావ కోసం కొని బావకే నాసిరకం ఇచ్చానని సిగ్గేసింది. సీలు వేసిన ఆ మంచి రీలు తెప్పించాను, అది బీజాపూర్ దాకా వచ్చింది, వెళ్లి తెచ్చుకున్నాను. పంపుతున్నానని అక్కకు ఫోన్ చేశాను.

"వద్దు" అంది.

"మంచిదక్కా. లోపలికి ఉప్పు పోదు, చెడిపోదు."

"అందుకే వద్దంటున్న." గొంతు తగ్గించింది. "ఇప్పుడు రోజూ పోతుండు. వచ్చి మంచినీళ్ల బకెట్ల కడుగుతుండు. మాట్లాడుతుండు, తిడుతుండు, బరువు పెరిగిండు. గానీ పోయిన వారం సముద్రం పోటు మీదుండె, ఎవల్నీ దిగనియ్యలే. నాలుగు దినాలు మల్ల ఆ కుర్చీల కూసున్నడు. నాకు పానం పోయినంత పనైంది."

"మరేం జేసినవక్కా?"

అటువైపు తలుపు మూసిన చప్పుడు వినపడింది.

"బకెట్ల గుప్పెడు ఉప్పేసిన" అంది. "ఆఖరిపారి పోయొచ్చి రీలు అండ్లనే నానవెట్టి మరిచిపోయుండె. రెండో దినం చూసి తిట్టుకుంట సామాన్ల డబ్బా తీసిండు. నువ్వు మీ బావకు చెప్పకు."

చెప్పనన్నాను.

మర్నాడు దుకాణం తెరుస్తుంటే బావ ఫోన్. రీలు మళ్లీ పట్టేసిందని, మళ్లీ బాగుచేశానని, ఇంత చెత్త రీలు ఏ దేశంలో దొరికిందని అడిగాడు. చాలా వెతికి కొన్నానన్నాను.

"మంచినీళ్లకు తుప్పొచ్చింది బామ్మర్దీ" అన్నాడు.

నేను తాళంచెవి జేబులో వేసుకున్నాను.

"బకెట్ నీళ్లు నాలుక మీదేసుకొని చూసిన" అన్నాడు. వెనకాల అక్క గిన్నెలు సర్దుతున్న చప్పుడు వినపడుతోంది. ఆయన గొంతు తగ్గించాడు. "మీ అక్కతోని అనకు. పిచ్చిది, గుప్పెడేసింది. చిటికెడైతే సాలు."

అననన్నాను. ఆ మంచి రీలు ఇంకా నా దగ్గరే ఉంది, ఉప్పు బస్తాల పైన అరలో, డబ్బా విప్పకుండా. ఎవరైనా అడిగితే చవకగా ఇచ్చేద్దామని చూస్తున్నాను. ఉసూర్‌లో ఇంతవరకూ ఎవరూ అడగలేదు.